200 ప్లాన్‌లో 94 ఎందుకొస్తోంది?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాం. నేను వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తాను. 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్‌కి డబ్బు కడుతున్నాం. వీధి తలుపు పక్కన చెప్పుల స్టాండ్ అరలో ఫైబర్ వచ్చే చిన్న తెల్ల డబ్బా, దానికి వైరుతో కలిపిన రౌటర్ ఉన్నాయి. నేను కూర్చునే బెడ్‌రూమ్‌లో స్పీడ్ 10, 15 దాటదు. మీటింగ్‌లో నా గొంతు తెగిపోతోందని అవతలివాళ్లు అంటారు, వాళ్ల మాటలు మాత్రం నాకు బాగానే వినిపిస్తాయి. మధ్యాహ్నం మూడున్నర తర్వాత ఇది మరీ ఎక్కువ. కరెంటు పోయినప్పుడల్లా, ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కొన్ని నిమిషాలు నెట్ ఉండదు. కస్టమర్ కేర్‌వాళ్లు ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు. ఆఖరికి టెక్నీషియన్ వచ్చి, రౌటర్‌కి తన లాప్‌టాప్ వైరుతో పెట్టి 94 చూపించి, ‘లైన్ బాగుంది మేడమ్, రౌటర్ మార్చుకోండి’ అని వెళ్లిపోయాడు. మా వారు కంపెనీయే మార్చేద్దామంటున్నారు. మా మరిది 1,500 పెట్టి రిపీటర్ కొంటే చాలంటాడు. మామగారు రోజూ రాత్రి రౌటర్ ఆపేస్తారు, అందుకే పాడైందని మా అబ్బాయి గోల. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు మీ మామగారిని ఈ కేసులోంచి వదిలేయండి. రాత్రి ఆపి పొద్దున వేసినంత మాత్రాన రౌటర్ పాడవదు. కొన్ని రౌటర్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు రాత్రిపూట తెచ్చుకుంటాయి, అవి ఆలస్యమవుతాయి. ఇంట్లో సీసీ కెమెరా ఉంటే ఆ కాసేపు రికార్డు బయటికి వెళ్లదు. అంతకుమించి నష్టం లేదు. చాలా రౌటర్లు ఆన్ అయ్యేటప్పుడే చుట్టూ చూసుకుని కాస్త ఖాళీగా ఉన్న చానెల్ (వైఫై నడిచే గాలి దారి) ఎంచుకుంటాయి కాబట్టి ఆయన తెలియకుండానే మీకు మేలు చేస్తూ ఉండవచ్చు కూడా.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన అంకె ఆ 94. టెక్నీషియన్ దాన్ని చూపించి లైన్ బాగుందన్నాడు. 200కి డబ్బు కట్టే ఇంట్లో వైరు మీద 94 వచ్చిందంటే ఎక్కడో ఒకచోట 100 దగ్గర గేటు పడిందని అర్థం. వైరు పెట్టే పోర్టుల్లో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి 100 ఎంబీపీఎస్‌ది, రెండోది 1000ది, దాన్నే గిగాబిట్ అంటారు. ఆ వైరు మీద ఒక్కో నిండు ప్యాకెట్ 1,538 బైట్ల చోటు తీసుకుంటుంది. అందులో మన అసలు సరుకు 1,448 నుంచి 1,460 బైట్లే. మిగతాదంతా చిరునామాలు, తనిఖీ అంకెలు, ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ మధ్య వదిలే ఖాళీ. భాగించి చూడండి, నూటికి 94, 95 వస్తుంది. అందుకే 100 పోర్టు మీద ఎవరు ఎప్పుడు టెస్ట్ పెట్టినా అంకె అక్కడే ఆగుతుంది. లైన్‌లో తేడా ఉంటే 60 వస్తుంది, కాసేపటికి 130 వస్తుంది, మళ్లీ 80 అవుతుంది. కదలకుండా 94 దగ్గరే నిలబడిందంటే మాత్రం ముందు అనుమానించాల్సింది పోర్టునీ వైరునీ.

ఏ పోర్టు, ఏ వైరు అన్నది మీరే పట్టుకోవచ్చు. తెల్ల డబ్బా నుంచి రౌటర్‌కి వెళ్లే ఆ పొట్టి వైరుతో మొదలుపెట్టండి. దాని లోపల ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. 100కి రెండు జతలు చాలు. గిగాబిట్‌కి నాలుగూ కావాలి. 100కి అక్కర్లేని ఆ రెండు జతల్లో ఒక్క తీగ తెగినా, క్లిప్‌లో సరిగా కూర్చోకపోయినా, సాధారణంగా రెండు డబ్బాలూ తమలో తాము మాట్లాడుకుని గుట్టుచప్పుడు కాకుండా 100కి దిగిపోతాయి. ఎర్ర లైటు వెలగదు, మెసేజ్ రాదు, నెట్ మామూలుగానే నడుస్తుంది. కాబట్టి ముందు ఒక మంచి క్యాట్6 రకం లాన్ వైరు కొని మార్చి చూడండి. ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డులో మీటరు లెక్కన కోసి, క్లిప్ కొట్టి ఇస్తారు, రెడీమేడ్‌వి ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. చెప్పుల స్టాండ్ తలుపు కింద రోజూ నలిగే వైరు అయితే నా అనుమానం సగం దాని మీదే. మార్చినా 94 దగ్గరే ఉంటే, తెల్ల డబ్బా పోర్టుల కింద ఏం రాసి ఉందో చూడండి. కొన్ని డబ్బాల్లో ఒక పోర్టు మాత్రమే ‘జీఈ’, మిగతావి ‘ఎఫ్ఈ’. మొదటిది గిగాబిట్, రెండోది 100. వైరు తప్పు పోర్టులో పెట్టి వెళ్లిపోవడం మామూలే. అదీ సరిగానే ఉంటే రౌటర్ అడుగున ఉన్న మోడల్ నంబర్ నెట్‌లో వెతకండి. పోర్టుల దగ్గర ‘10/100’ అని మాత్రమే ఉంటే గేటు రౌటరే. అప్పుడు రౌటర్ మార్చమన్న టెక్నీషియన్ మాట నిజమే అవుతుంది, కారణం ఆయనకు తెలియకపోయినా. ఇంకొక చిన్న అవకాశం, ఆయన లాప్‌టాప్ పోర్టే 100ది కావడం. రౌటర్ సెట్టింగ్స్‌లో వాన్ పోర్టు, అంటే బయటి నుంచి నెట్ వచ్చే పోర్టు, 100లో ఉందా 1000లో ఉందా చూస్తే ఆ సందేహమూ తీరుతుంది.

ఇంత చెప్పాక ఒక చేదు మాట. ఈ 94ని సరిచేసినా మీ మీటింగ్ బాగుపడదు. మీ ఇంటికి 94 కూడా ఎక్కువే. ఒక మంచి వీడియో కాల్‌కి అటు మూడు నాలుగు, ఇటు మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. హాల్లో టీవీలో 4కే సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అని పిలిపించుకోవడానికి కావలసిన కనీస వేగం 2023లో పెంచాక కూడా 2 ఎంబీపీఎస్సే, ఆ సంగతి నవ్వుకోవడానికి పనికొస్తుంది. కట్టిన డబ్బుకి 200 రావాలి, అది మీ హక్కు, తెప్పించుకోండి. కానీ రేపు కస్టమర్ కేర్ అమ్మాయి ‘500 ప్లాన్‌కి మారండి మేడమ్’ అంటే మారకండి. బెడ్‌రూమ్‌లో 12 వచ్చే ఇంట్లో 500 ప్లాన్ పెట్టినా బెడ్‌రూమ్‌లో 12 వస్తుంది.

మీకు ఉన్నది ఒక్క జబ్బు కాదు. బెడ్‌రూమ్‌కి సిగ్నల్ చేరకపోవడం ఒకటి, గొంతు తెగడం ఒకటి, కరెంటుతో పాటు నెట్ పోవడం ఒకటి. ఇంట్లో తలా ఒక మందు చెబుతున్నది అందుకే, ఒక్కొక్కరికీ ఒక్కో జబ్బు కనిపిస్తోంది. రౌటర్ కొనాలా, కంపెనీ మార్చాలా అన్నది తేలాలంటే తప్పు గోడ లోపల ఉందా బయట ఉందా తెలియాలి. దానికి డబ్బు ఖర్చులేని ఉపాయం ఉంది. నెట్ పోయి వచ్చిన వెంటనే రౌటర్ పేజీ తెరవండి. బ్రౌజర్‌లో 192.168.1.1 అనో 192.168.0.1 అనో కొడితే వస్తుంది, ఏది కొట్టాలో రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. అందులో ‘అప్‌టైమ్’ (ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో) అని రెండు చోట్ల కనిపిస్తుంది. సిస్టమ్‌ది ఒకటి, ఇంటర్నెట్ లేదా వాన్‌ది ఒకటి. సిస్టమ్ అప్‌టైమ్ ఐదు నిమిషాలే చూపిస్తే రౌటర్ ఆగి మళ్లీ మొదలైంది, అంటే కరెంటో అడాప్టరో. సిస్టమ్‌ది పొద్దుట్నుంచీ నడుస్తూ, వాన్‌ది ఐదు నిమిషాలే ఉంటే, మధ్యలో తెల్ల డబ్బా ఆరిపోకపోతే, లైన్ తెగి వచ్చింది, కంపెనీని నిలదీయొచ్చు. రెండూ గంటల తరబడి చెక్కుచెదరకుండా ఉండి, మీ కాల్ మాత్రం తెగిందంటే వైఫైనో, ఇంట్లో ట్రాఫిక్కో. ఇది ఫోటో తీసి పెట్టుకుంటే కస్టమర్ కేర్‌తో మాట్లాడేటప్పుడు మీ స్వరం మారుతుంది.

లాప్‌టాప్ వాడేవారికి ఇంకొకటి. రెండు కమాండ్ విండోలు తెరిచి ఒకదాంట్లో రౌటర్ అడ్రస్‌కి, ఇంకోదాంట్లో గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే కమాండ్) పెట్టి వదిలేయండి. విండోస్‌లో చివర ‘-టి’ చేర్చితే ఆగకుండా నడుస్తుంది, టి ఇంగ్లిష్ అక్షరమే కొట్టాలి. కాల్ తెగిన క్షణంలో రౌటర్ పింగే ఎగిరిపడితే తప్పు ఆ గదికీ చెప్పుల స్టాండ్‌కీ మధ్య గాలిలో ఉంది. రౌటర్ పింగ్ రెండు మూడు మిల్లీసెకన్లలో నిలకడగా ఉండి రెండోది మాత్రమే పోతే తప్పు రౌటర్‌కి అవతల.

బెడ్‌రూమ్ సంగతి చూద్దాం. చెప్పుల స్టాండ్ అరను రౌటర్ స్థలంగా మీరు ఎంచుకోలేదని నాకు తెలుసు. ఫైబర్ లాగిన కుర్రాడు తలుపు సందులోంచి తీగ తెచ్చి, దగ్గరలో ప్లగ్ కనపడితే అక్కడ పెట్టి వెళ్లాడు. బెంగళూరు ఫ్లాట్లలో చాలా రౌటర్లు ఉన్నది అలాంటి చోటే. అక్కణ్నుంచి మీ కుర్చీకి గీత గీస్తే మధ్యలో ఎన్ని గోడలున్నాయి, వాటిలో కాంక్రీటువి ఎన్ని, దారిలో ఇనప బీరువా ఉందా, దాని అద్దం ఉందా, ఫ్రిజ్ ఉందా, బాత్రూమ్ ఉందా చూడండి. లోహం సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది, అద్దం వెనక ఉండే పూతా అంతే. కాంక్రీటు మింగేస్తుంది, నీళ్లూ మింగుతాయి. రౌటర్‌ని అరలోంచి తీసి స్టాండ్ మీద, వీలైతే ఛాతీ ఎత్తున గోడకి పెడితేనే తేడా తెలుస్తుంది. మూసిన అరలో వేడి కూడా ఎక్కుతుంది. యాంటెన్నాలు నిలువుగా ఉంచండి, నిలువు యాంటెన్నా సిగ్నల్‌ని పక్కలకి విసురుతుంది, ఒకే అంతస్తు ఇంటికి అదే కావాలి.

అంతకంటే మంచి పని రౌటర్‌ని హాలు మధ్యకి తేవడం. తెల్ల డబ్బా ఉన్నచోటే ఉండనివ్వండి, ఫైబర్‌ని కదపకండి, దాన్ని పదునుగా మడిస్తే లోపల వెలుతురు బయటికి కారిపోయి సిగ్నల్ బలహీనమవుతుంది. ఆ డబ్బా నుంచి రౌటర్ దాకా క్యాట్6 వైరు పది, పదిహేను మీటర్లు లాగించండి. ఆ వైరు 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, కాబట్టి పొడవు గురించి భయం వద్దు. లాగించే ముందు తలుపు పక్కన కరెంటు బోర్డు దగ్గర ఇంకొక మూతపెట్టె ఉందేమో తెరిచి చూడండి. కొత్త అపార్ట్‌మెంట్లలో బిల్డర్ ప్రతి గదికీ లాన్ వైరు లాగి అక్కడికి తెచ్చి వదిలేస్తాడు, చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోరు. అది లేకపోయినా పాత కేబుల్ టీవీ పైపులోంచి ఎలక్ట్రీషియన్ లాగగలడు. కరెంటు తీగలున్న పైపులోంచి మాత్రం లాగనివ్వకండి.

ఇంకో కారణం, మీ ఫోన్ ఏ బ్యాండ్ మీద ఉందన్నది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, గోడ దాటాలంటే కష్టం. 2.4లో ఒకదాన్నొకటి తాకకుండా ఉండే చానెళ్లు 1, 6, 11 మూడే. మీ గదిలో నిలబడి వైఫై లిస్టు తెరిస్తే పక్కింటివి, పై ఇంటివి, ఎదురు పీజీవి కలిపి పాతిక పేర్లు కనిపిస్తాయి కదా, వాళ్లలో 2.4లో ఉన్నవాళ్లందరూ ఆ మూడింటినే పంచుకుంటున్నారు. పైగా మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా ఆ పరిధిలోనే. ఖాళీగా ఉన్నప్పుడే ఒక మామూలు ఫోన్‌కి 2.4లో కాగితం మీద గరిష్ఠం 72 ఉండవచ్చు, ఇంత రద్దీలో 12 రావడం వింతేం కాదు. ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు మీద నొక్కితే ఏ బ్యాండో చూపిస్తుంది. వైఫై ఎనలైజర్ రకం యాప్ పెడితే సిగ్నల్ అంకె కూడా వస్తుంది, మైనస్ 50 అంటే చాలా బాగున్నట్టు, మైనస్ 67 దాటి కిందికి పోతే వీడియో కాల్‌కి నమ్మకం లేదు, మైనస్ 75 అంటే అక్కడ కూర్చోవడమే దండగ. రౌటర్‌లో రెండు బ్యాండ్లకీ ఒకటే పేరు ఉంటే విడదీసి వేరే పేర్లు పెట్టి, ఆఫీసు లాప్‌టాప్‌ని 5కి మాత్రమే కలపండి. స్మార్ట్ ప్లగ్గులు, కెమెరాలు, గీజర్ స్విచ్చులు 2.4లో ఉండనివ్వండి, వాటిలో చాలావాటికి వేరే గతి లేదు.

5 గిగాహెర్ట్జ్‌లో చానెల్ ఆటోలో వదిలేయకుండా 36 నుంచి 48 లోపు గానీ, 149 నుంచి 161 లోపు గానీ పెట్టండి. మధ్యలోవి రాడార్లతో పంచుకునేవి. రాడార్ ఉన్నట్టు అనుమానం రాగానే రౌటర్ ఆ చానెల్ వదిలి వెళ్లాలి, అలాంటిదే ఇంకో చానెల్‌కి వెళ్తే కనీసం ఒక నిమిషం చెవులొగ్గి విన్నాకే మళ్లీ మొదలుపెట్టాలి. మీరున్నది హెచ్ఏఎల్ విమానాశ్రయం పక్కన. మీ కాల్స్ దానివల్లే తెగుతున్నాయని నేను చెప్పను, కానీ ఊరికే ఆ గొడవ ఎందుకు తెచ్చుకోవాలి?

ఇప్పుడు గొంతు సంగతి. వాళ్ల మాట మీకు వినిపిస్తోంది, మీ మాట వాళ్లకి తెగుతోంది. అంటే దిగేది బాగుంది, ఎక్కేది బాగాలేదు. స్పీడ్ టెస్ట్‌లో అందరూ మొదటి అంకె చూసి మూసేస్తారు, రెండో అంకె అప్‌లోడ్, మీకు కావలసింది అది. దీనికి రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది, ఫోన్‌కీ లాప్‌టాప్‌కీ ఉన్న ప్రసార శక్తి రౌటర్ కంటే తక్కువ. తెర మీద గీతలు మూడు కనిపించడం అంటే రౌటర్ మాట మీ ఫోన్‌కి వినిపిస్తోందనే. ఫోన్ మాట రౌటర్‌కి వినిపిస్తోందో లేదో ఆ గీతలు చెప్పవు. రౌటర్‌ని దగ్గరికి తెస్తే ఇది పోతుంది.

రెండోదాని మీద నాకు ఎక్కువ అనుమానం, ఎందుకంటే మీరు టైమ్ కూడా రాశారు, మూడున్నర తర్వాత అని. మీ అబ్బాయి స్కూలు నుంచి వచ్చే వేళ అదేనా? రాగానే ఫోనో ట్యాబో వైఫైకి తగులుతుంది, గూగుల్ ఫోటోస్ ఆ రోజు వీడియోలన్నీ పైకి ఎక్కించడం మొదలుపెడుతుంది. అదే సమయంలో మీ ఆఫీసు లాప్‌టాప్ వన్‌డ్రైవ్‌లోకి ఫైళ్లు తోస్తూ ఉండవచ్చు, కెమెరా ఉంటే అదీ. అప్‌లోడ్ నిండిపోయినప్పుడు రౌటర్ వచ్చిన ప్యాకెట్లన్నిటినీ వరసలో నిలబెడుతుంది. కిరాణా కొట్లో ముందున్నాయన పెళ్లి సరుకుల చీటీ చదువుతుంటే వెనక ఉప్పు ప్యాకెట్ కోసం వచ్చినామె నిలబడిపోయినట్టు మీ గొంతు ఆ వరసలో నిలబడిపోతుంది. ఫోటోకి అర సెకను ఆలస్యమైతే ఎవరికీ తెలియదు, మాట అర సెకను ఆగితే అవతలివాళ్లు ‘హలో, హలో’ అంటారు. పరీక్షించడం తేలిక. పింగ్ నడుస్తుండగా ఫోన్‌లోంచి ఒక పెద్ద వీడియో గూగుల్ డ్రైవ్‌కి ఎక్కించండి. 10, 15లో ఉన్న పింగ్ 300, 400కి ఎగిరితే దొంగ దొరికినట్టే. ఫోటో బ్యాకప్‌ని రాత్రికి మార్చండి, అయితే మామగారు రౌటర్ ఆపే టైమ్ కంటే ముందు అయిపోయేలా చూసుకోండి. ఆయనతో ఆ అరగంట బేరం మీరే ఆడుకోవాలి. రౌటర్‌లో క్యూఓఎస్ అనే సెట్టింగ్ ఉంటే ఆఫీసు లాప్‌టాప్‌కి ప్రాధాన్యం ఇచ్చి, మొత్తం అప్‌లోడ్‌ని మీకు నిజంగా వచ్చే అంకెలో తొంభై శాతానికి కట్టేయండి. చాలాచోట్ల కొత్త రౌటర్ కొనకుండా ఇది ఒక్కటే పని చేస్తుంది.

కరెంటు విషయంలో, ఇన్వర్టర్ ఉన్నంత మాత్రాన తలుపు పక్క ప్లగ్ దాని లైన్ మీద ఉందని కాదు. ముందు అది చూడండి. ఉంటే ఇన్వర్టర్ వెనక ‘యూపీఎస్’, ‘ఎకో’ అని స్విచ్ ఉండవచ్చు. ఎకోలో ఉంటే మారేటప్పుడు పట్టే రెప్పపాటుకే కొన్ని రౌటర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి, ఆ మొదలయ్యేదే మీరనే కొన్ని నిమిషాలు. అపార్ట్‌మెంట్ జనరేటర్ అయితే అది అందుకునేదాకా ఎలాగూ చీకటే. దీనికి రౌటర్ కోసమే అమ్మే చిన్న యూపీఎస్ వెయ్యికీ రెండు వేలకీ మధ్యలో దొరుకుతుంది. మీకున్నవి రెండు డబ్బాలు, రెండిటికీ కరెంటు ఇచ్చేది తీసుకోండి. అడాప్టర్ల మీద ఓల్టులు చూసి అదే ఓల్టేజీది కొనాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఆ తర్వాత కూడా, డబ్బాలు రెండూ వెలుగుతుండగానే కరెంటు పోయినప్పుడు నెట్ పోతుంటే తప్పు మీ ఇంట్లో లేదు. అసలు ఫైబర్ పద్ధతిలో ఒక ఫైబర్‌ని పలు ఇళ్లకి పంచే వీధి పెట్టెల్లోని స్ప్లిటర్లకి కరెంటే అక్కర్లేదు. ఎక్కడో మెట్ల కిందో మేడ మీదో కరెంటుతో నడిచే స్విచ్ పెట్టి, దానికి బ్యాటరీ పెట్టకుండా వదిలేశారన్నమాట. అది కంపెనీవాళ్లు బాగుచేయాల్సింది, లేదా అసోసియేషన్ ఆ స్విచ్‌కి జనరేటర్ లైన్ ఇవ్వాల్సింది.

మీ మరిది చెప్పే రిపీటర్ వద్దు. చవక రిపీటర్ విన్నదాన్నే అదే చానెల్ మీద మళ్లీ చెబుతుంది, అందుకని వేగం సగమవుతుంది, ఆలస్యం పెరుగుతుంది. పైగా అందరూ దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు, అక్కడ దానికీ ఏమీ వినిపించదు. వైరు లాగే వీలుంటే అదే 1,500తో వైరు లాగి, బెడ్‌రూమ్‌లో పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై మాత్రమే ఇచ్చేలా, పెట్టుకోవడం ఎంతో నయం. ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టి ఒకే వైఫైగా నడిపే మెష్ సెట్లు బాగుంటాయి, మీ ఫ్లాట్‌కి అంత ఖర్చు నాకు దండగే అనిపిస్తోంది.

ఒకవేళ 94 వెతుకులాటలో రౌటరే దోషి అని తేలితే కొత్తది కొనండి. అట్ట మీద ఏఎక్స్1500 అని ఉంటే 1500 వస్తుందని కాదు. 2.4లో 300, 5లో 1200 కలిపి వేసిన కూడిక అది, మామూలుగా ఫోన్ ఒకసారికి ఒక్క బ్యాండే వాడుతుంది. ఆ పెద్ద అంకె వదిలేసి పోర్టుల లైన్ చదవండి. ఏసీ1200 అని గొప్పగా రాసి, వెనక పోర్టులు మాత్రం 10/100 పెట్టిన రౌటర్లు ఇప్పటికీ అమ్ముతున్నారు. అది కొంటే కొత్త డబ్బాతో మళ్లీ 94 దగ్గరికే వస్తారు. గిగాబిట్ పోర్టులు, రెండు బ్యాండ్లు, వైఫై 6 ఉంటే మీకు చాలు, వైఫై 7కి డబ్బు పోయకండి. కంపెనీ రౌటర్‌ని తీసేయకుండా దాని వెనక ఇంకోటి తగిలిస్తే మాత్రం కొత్తదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టించండి. లేకపోతే ఒకే ఇంట్లో రెండు రౌటర్లు అడ్రస్‌లు పంచుతూ కూర్చుంటాయి, కెమెరాలు, గేములు, కొన్ని ఆఫీసు వీపీఎన్‌లు అక్కడ ఇబ్బంది పెడతాయి.

మీ వారి మాట చివరికి పెట్టాను, ఎందుకంటే కంపెనీ మార్చక తప్పని సందర్భాలు రెండే. వైరు మీద పెట్టిన టెస్ట్‌లో కూడా రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య వేగం పడిపోతుంటే, లేదా మీరు రౌటర్ ఆపకుండానే వాన్ అప్‌టైమ్ రోజూ తెగుతుంటే. అప్పుడు కూడా మొదట ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోండి. తెల్ల డబ్బా పేజీలో ‘ఆర్ఎక్స్ పవర్’ అనే అంకె (ఫైబర్‌లో మీ ఇంటికి చేరే వెలుతురు బలం) కనిపిస్తే అది కూడా చెప్పండి, మైనస్ 27 దాటి కిందికి ఉంటే ఫైబర్‌లో ఎక్కడో జాయింట్ పాడవడమో మడత పడడమో జరిగినట్టే, వాళ్లు తప్పించుకోలేరు. తీగ ఊడదీసి లోపలికి చూడడం లాంటివి పిల్లలు చేయకుండా చూడండి, ఆ వెలుతురు కంటికి కనపడనిది. ఫిర్యాదు తేలకపోతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీలో అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీ ఉండాలి, డాకెట్ నంబర్‌తో అక్కడికి వెళ్లవచ్చు. వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్లవచ్చని 2022లో సుప్రీం కోర్టు తేల్చింది, అయితే రౌటర్ గొడవకి అంత దూరం ఎవరూ పోరు.

మార్చే ముందు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘ఏ కంపెనీ మంచిది’ అని అడగకండి, నలభై రకాల జవాబులు వస్తాయి. మీ నెట్ పోయిన నిమిషంలోనే ‘ఇప్పుడు ఎవరికి పోయింది, ఎవరికి ఉంది’ అని అడగండి. అన్ని కంపెనీలకీ ఒకేసారి పోతోందంటే తీగలన్నీ ఒకే స్తంభం మీదో, ఒకే చెట్టు మీదో వేలాడుతున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా మెట్రో పనులు నడుస్తున్న మీ ప్రాంతంలో తవ్వకానికి ఒకటి తెగితే పక్కది మిగలదు. అలాంటి చోట కంపెనీ మార్చినా ఫలితం ఉండదు, మీటింగ్ రోజులకి ఫోన్ 5జీ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోవడమే మేలు. కొందరికి పోయి కొందరికి ఉంటోందంటే ఉన్నవాళ్ల కంపెనీ తీసుకోండి. కొత్త కనెక్షన్ నెలకే తీసుకోండి, డిస్కౌంట్ అని ఏడాదికి కట్టకండి. అది రెండు వారాలు మీ మీటింగులు, రాత్రి వేళలు, ఒక కరెంటు కోత దాటాకే పాతది రద్దు చేయండి. రద్దు మెయిల్‌లోనే రాయండి. పాత కంపెనీ కుర్రాడు డబ్బా తీసుకెళ్లేటప్పుడు దాని సీరియల్ నంబర్ కనిపించేలా ఫోటో తీసి, ముట్టినట్టు రసీదు అడిగి తీసుకోండి, డిపాజిట్ వెనక్కి రావడానికి అదే ఆధారం.